స్క్రీన్‌షాట్ చేతికందగానే సస్పెన్షనా?

సంపాదకులు గారికి,

అయ్యా,

సామాజిక మాధ్యమాల్లో అనుచిత వ్యాఖ్యలు చేసిన ఉపాధ్యాయుడి సస్పెన్షన్ అన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తోంది. అందులో ఉపాధ్యాయుడి పేరు, మండలం, డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఉత్తర్వు అన్నీ ఉంటాయి గాని, ఆయన అసలేమన్నాడో చాలాసార్లు ఉండదు. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నాకు, ‘అనుచితం’ అన్న ఒక్క మాట కింద ఎన్ని రకాల సంగతులు కలిసిపోతాయో తెలుసు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ఉద్యోగంలో ఉండగా ఇలాంటి వ్యవహారం ఒకదానిపై ప్రాథమిక విచారణ నాకు అప్పగించారు. ఒక ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుడు) వానకు కురుస్తున్న తరగతి గది ఫోటో తీసి, ‘రేపటి నుంచి మా బడిలో ఈత పాఠాలు’ అని రాసి, తోటి ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. గ్రూపులోని వారెవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపారు. నా చేతికొచ్చిన కాగితంలో గ్రూపు పేరు కత్తిరించి ఉంది, తేదీ లేదు, ఫిర్యాదుదారు సంతకం లేదు. ప్రభుత్వ ప్రతిష్ఠకు భంగం కలిగించాడన్నది అభియోగం. నేను ఆ బడికి వెళ్లేసరికి గది మధ్యలో బల్ల మీద బకెట్టు ఉంది, అది సగానికి పైగా నిండి ఉంది. చూసిందే నివేదికలో రాశాను. మరుసటి వేసవిలో ఆ కప్పు బాగుచేశారు; ఆయన సర్వీసు రిజిస్టరులో మాత్రం అభిశంసన అనే శిక్ష అలాగే ఉండిపోయింది.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి మెమోలకు ఆధారం 1964 నాటి ప్రవర్తనా నియమావళి. ప్రభుత్వ విధానాన్ని గాని, చర్యను గాని ఉద్యోగి బహిరంగంగా విమర్శించరాదని అది చెబుతుంది. పత్రికకు వ్యాసం రాయడం, సభలో మాట్లాడటం, రేడియోలో ప్రసంగించడం, ఇవే ఆనాటికి బహిరంగం. ఒక రోజులో మాయమయ్యే స్టేటస్, యాభైమంది ఉన్న గ్రూపులో విసిరిన జోకు, పూర్తిగా చదవకుండానే నొక్కిన ఫార్వార్డ్ ఏ కోవలోకి వస్తాయో ఆ నియమాలు రాసినవారు ఊహించి ఉండరు. ప్రభుత్వోద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో స్పష్టం చేసింది. ఫేస్‌బుక్ పోస్టు కూడా ఒక ఆరోపణగా సస్పెండైన ఉద్యోగిని కేసులో త్రిపుర హైకోర్టు 2020లో, ప్రవర్తనా నియమావళి హద్దులకు లోబడి, భావ ప్రకటన హక్కు ఆమెకూ ఉంటుందని చెప్పింది.

మన నియమావళి వచ్చిన 1964లోనే అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో మార్విన్ పికరింగ్ అనే ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, బడి నిధులను చదువుకు, ఆటలకు పంచుతున్న తీరును తప్పుపడుతూ స్థానిక పత్రికకు లేఖ రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తెలిసి తెలిసి గాని, నిజానిజాలు పట్టించుకోకుండా గాని అబద్ధాలు రాశాడని రుజువు కానప్పుడు, ప్రజలకు సంబంధించిన విషయంపై మాట్లాడాడన్న కారణంతో ఉపాధ్యాయుణ్ణి తొలగించరాదని 1968లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. (సంపాదకులకు ఉత్తరం రాస్తున్నవాణ్ణి కాబట్టి ఆ కేసంటే నాకు కొంచెం మమకారం ఎక్కువే.) మన పక్కనున్న కర్ణాటకలో 2023 మేలో, చిత్రదుర్గ జిల్లా హోసదుర్గ తాలూకాలోని ఉపాధ్యాయుడొకరు ఏ ముఖ్యమంత్రి హయాంలో రాష్ట్రం అప్పు ఎంతో అంకెలు వేసి, ఉచిత పథకాలను ఎత్తిపొడుస్తూ పోస్టు పెట్టినందుకు సస్పెండయ్యారు. ఆయన అంకెలు తప్పైతే సరైన అంకెలు వేసి సమాధానమిస్తే సరిపోయేది.

ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ల పాటు బడి మరుగుదొడ్ల ఫోటోలు తీసి యాప్‌లో పెట్టే పని ఉపాధ్యాయుల మీదే ఉండేది. స్టాఫ్ రూముల్లో దాన్ని తిట్టుకోనివారు లేరు. అయితే ఆ తిట్టే గ్రూపులోకి ఎక్కితే మెమో వస్తుందేమోనన్న భయం ఉండేది. 2024లో ప్రభుత్వం మారాక ఆ పని నుంచి ఉపాధ్యాయులను తప్పించారు. అప్పుడు నోరు విప్పినవాడు తప్పు చేశాడా, ముందుగా చెప్పాడా? ప్రభుత్వాలు మారినప్పుడు మెమో అందుకునేవారి పేర్లు మారుతున్నాయే తప్ప, మెమోలోని వాక్యాలు మారడం లేదు.

అలాగని ఉపాధ్యాయులు ఏం రాసినా చెల్లాలని నేననడం లేదు. కులం పేరుతో, మతం పేరుతో దూషించేవారిని, ఆడపిల్లల గురించి వెకిలి రాతలు రాసేవారిని, చదవలేక తడబడే పిల్లవాణ్ణి వీడియో తీసి రీల్‌గా పెట్టి నవ్వుకునేవారిని వెనకేసుకు రావడానికి నాకు మనసొప్పదు. ఎన్నికల విధుల్లో ఉంటూ ఒక పార్టీకి ఓటెయ్యమని స్టేటస్ పెట్టినవాడిపై చర్య తీసుకోవలసిందే. వీటికీ, జీతం ఆలస్యమైందనో, గది కురుస్తోందనో రాసిన మాటకూ ఒకే మూస ఉత్తర్వు టైపు చేయడమే నా అభ్యంతరం.

నిబంధనల ప్రకారం సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ సాఫీగా సాగడానికి తీసుకునే జాగ్రత్త మాత్రమే. పోస్టు ఎలాగూ స్క్రీన్‌షాట్‌లో ఉన్నప్పుడు, ఆ ఉపాధ్యాయుడు బడికి వస్తే చెరిగిపోయే సాక్ష్యమేమిటి? ఈలోగా ఆయనకు చేతికొచ్చేది సగం జీతపు సెలవులో వచ్చే మొత్తానికి సమానమైన జీవనభృతి. ఏకోపాధ్యాయ పాఠశాల అయితే పిల్లలకు డెప్యుటేషన్ మీద ఎవరో వచ్చే దాకా పాఠాలే ఉండవు. మూడు నెలల్లోగా అభియోగ పత్రం ఇవ్వకపోతే సస్పెన్షన్‌ను కొనసాగించరాదని సుప్రీంకోర్టు 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో చెప్పింది. ముందుగా సంజాయిషీ అడగడం, స్క్రీన్‌షాట్ నిజమైనదేనా, ఎవరి ఫోను నుంచి వచ్చిందో తేల్చడం, ఏ పోస్టులోని ఏ వాక్యం తప్పో ఉత్తర్వులోనే రాయడం, ఈ మాత్రం పద్ధతిని రెండు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖలు మార్గదర్శకాలుగా ఇవ్వడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్ శాసన మండలిలో ఐదు, తెలంగాణ మండలిలో మూడు స్థానాలను ఉపాధ్యాయుల ఓట్లతోనే నింపుతారు. సామాజిక మాధ్యమాల వ్యాఖ్యలపై గత ఐదేళ్లలో ఎందరు ఉపాధ్యాయులకు మెమోలు ఇచ్చారు, ఎందరిని సస్పెండ్ చేశారు, వారిలో ఎందరిపై ఆరోపణ రుజువైంది అన్న ప్రశ్నను ఆ ఎనిమిది మంది వచ్చే సమావేశాల్లో తమ తమ మండళ్లలో లిఖితపూర్వకంగా అడగాలని, జిల్లాల వారీగా వచ్చిన జవాబును తమ పత్రిక ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా