40కి 40 ఓడిన టీమ్ గురించి కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ స్పోర్ట్స్ పేజీ మొత్తం క్రికెట్టే, ఈస్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీలు) అంటే పిల్లల టైంపాస్ అనుకుంటున్నారేమో. 2018లో ఓవర్‌వాచ్ అనే టీమ్ షూటింగ్ వీడియో గేమ్‌కి ఓవర్‌వాచ్ లీగ్ మొదలైనప్పుడు 12 టీమ్స్, అందులో షాంఘై డ్రాగన్స్ ఫస్ట్ సీజన్‌లో 40 మ్యాచ్‌లు ఆడి 40 ఓడిపోయింది, ఒక్కటంటే ఒక్కటి గెలవలేదండి! పేరుకే షాంఘై, ఆడిందంతా లాస్ ఏంజెలిస్ వైపే. మధ్యలో కొరియా నుంచి గెగురి అనే ప్లేయర్‌ని తెచ్చారు, లీగ్‌లో మొదటి అమ్మాయి తనే, అయినా లాభం లేదు, చైనా వాళ్లు కొరియా వాళ్లు కలిసి ఆడేవాళ్లు, క్షణాల్లో ఒకరికొకరు చెప్పుకోవాల్సిన గేమ్‌లో భాషే కలవకపోతే ఇంకేం ఆడతారు. వేరే లీగ్ అయితే కింది డివిజన్‌కి తోసేసేవాళ్లు, ఇది ఐపీఎల్ టైపు ఫ్రాంచైజీ కాబట్టి బతికిపోయారు, నన్నడిగితే అదే మంచిదైంది. 2019 ఫిబ్రవరిలో బోస్టన్ మీద ఫస్ట్ గెలుపు, 2021లో ఏకంగా ఛాంపియన్స్! మన డెక్కన్ చార్జర్స్ 2008లో లాస్ట్ వచ్చి 2009లో కప్పు కొడితే ఎంత రాశారు మీరంతా. 2023తో ఆ లీగే ఆగిపోయింది, అది వేరే గొడవ. ఈస్పోర్ట్స్‌కి వారానికి ఒక చిన్న కాలమ్ ఇవ్వండి చాలు.

- ఒక పాఠకుడు, వరంగల్