ఇడ్లీ పథ్యం ఇక చాలు

పర్లాకిమిడి

చిన్నోడికి అమ్మ ఆశీస్సులు.

ఫోన్ చేయగానే "ఏం తిన్నావమ్మా" అంటావు. నేను చెప్పేలోపే చెల్లిని పిలిచి "ఇడ్లీయే పెట్టు" అంటావు. ఫోన్‌లో నన్ను పూర్తిగా మాట్లాడనివ్వవు, అందుకే ఈ ఉత్తరం.

చేప కోసేటప్పుడు లోపల పచ్చగా చిన్న తిత్తి కనిపిస్తుంది చూడు, అది చిట్లితే కూరంతా చేదే అని నిన్ను దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. ఆపరేషన్ చేసి నాకు తీసేసింది అదే, పసరు తిత్తి, గాల్‌బ్లాడర్ అంటారు. కానీ పసరు, అంటే పైత్యరసం, ఊరేది అందులో కాదురా, కాలేయంలో. రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా ఊరుతుంది. తిత్తిలో పట్టేది మహా అయితే 50 మిల్లీలీటర్లు. దాన్ని చిక్కబరిచి దాచి, నూనె వస్తువు కడుపులో పడగానే ఒక్కసారిగా వదిలేది. ఇప్పుడు దాచేది లేదు. ఎండాకాలంలో మన మహేంద్రతనయ ఏటి ఇసుకలో చెలమ తీస్తే నీరు కొద్దికొద్దిగా ఊరుతుంది కదా, అలా పసరు పేగులోకి జారుతూనే ఉంటుంది. చెంబుతో ముంచుకుంటే సరిపోతుంది, బిందె ముంచుతానంటేనే తంటా.

ఆపరేషన్ మర్నాడు పొట్ట కంటే కుడి భుజమే ఎక్కువ లాగింది. గుండెనొప్పేమోనని మీ నాన్న రాత్రంతా నా పక్కనే కూర్చున్నారు. ఆపరేషన్ కోసం పొట్ట ఉబ్బించడానికి పంపిన గ్యాస్ కొంత లోపల మిగిలితే భుజంలో నొప్పి వస్తుందని తెల్లారాక ఒక నర్సమ్మ చెప్పింది. ఆ ముక్క ముందే చెబితే ఆయన నిద్రపోయేవారు. డిశ్చార్జి కాగితంలోనూ "నూనె తగ్గించాలి" అని ఒక్క లైనే. ఎన్నాళ్లో, ఎంతో రాయలేదు.

అది గారెలే నేర్పాయి. ఆరో వారంలో వీధి చివర గృహప్రవేశానికి వెళ్లి నాలుగు తిన్నాను. సాయంత్రంలోగా మూడుసార్లు పరుగు! నీకు చెప్పలేదు, చెబితే మళ్లీ ఇడ్లీయే. పేగులో ఎక్కువైన పసరు కిందికి దిగితే విరేచనాలవుతాయని తర్వాత డాక్టరు గారు చెప్పారు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుందట, సర్దుకోకపోతే మందుందట. నాకు మందు అక్కర్లేకపోయింది. ఇప్పుడు మూడో నెల. రెండు గారెలు తిన్నా ఏమీ కాలేదు, మూడోది ఇంకా ముట్టలేదు. పొద్దున్నే ఖాళీ కడుపుతో కాఫీ మాత్రం ఇప్పటికీ పడట్లేదు. నాకు అదే బాధ.

పక్కింటి ఒడియా మావుసి డాల్మా పంపుతోంది. పప్పులో అరటికాయ, బొప్పాయి, గుమ్మడి వేసి ఉడికించి, పైన వేయించిన జీలకర్ర పొడి చల్లుతుంది. నెయ్యి తాలింపు నా గిన్నెలో వేయదు. కడుపులో హాయిగా ఉంటుంది. రెండు పూటలా నిండా తినే బదులు నాలుగుసార్లు కొంచెం కొంచెం తింటున్నాను.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, చలిజ్వరంతో పొట్ట నొప్పి వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. నువ్వు టెన్షన్ పడాల్సింది వాటికి, నా పళ్లెం చూసి కాదు.

దసరాకి వస్తావు కదా. ఈలోగా చెల్లికి ఫోన్ చేసి ఇడ్లీ మాట వెనక్కి తీసుకో. ఆ పిల్ల నా మాట వినట్లేదు.

మీ అమ్మ