అర్జీ వెనకవైపు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మడికి, నాన్న ఆశీస్సులు.

డిప్యూటీ తహసీల్దారుగా చేరబోతున్నావు. సోమవారం పొద్దున్నే అర్జీలు పట్టుకుని జనం వస్తారు. అందులో ఎక్కువ భూమి గొడవలే ఉంటాయి. నేనూ రెవెన్యూలోనే రిటైరయ్యాను కాబట్టి ఆఫీసు పద్ధతులు నీకు ఇదివరకే చెప్పాను. ఈమధ్య మధ్యయుగాల్లో ఇంగ్లండు జనం తమ రాజుకు పెట్టుకున్న అర్జీల గురించి చదువుతున్నాను. చేరేలోపు వాటి సంగతి నీకు చెప్పాలనిపించింది.

లండన్‌లో క్యూ అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో అలాంటివి సుమారు 17,000 దాచి ఉంచారు. చిన్న చిన్న తోలు ముక్కలవి. ఊళ్లో మాట్లాడేది ఇంగ్లిషైనా అర్జీ మాత్రం ఎక్కువగా ఫ్రెంచిలో, లేఖరి చేత రాయించుకోవాల్సిందే. రాజుగారికీ ఆయన సభకూ దణ్ణాలతో మొదలై, దేవుడి మీద ఆన పెట్టి దయ చూపమనడంతో ముగుస్తుంది. అసలు బాధంతా మధ్యలో నాలుగు వరుసల్లో ఉంటుంది. భర్త పోతే తనకు రావాల్సిన మూడో వంతు భూమి ఇవ్వడం లేదని ఒక వితంతువు మొర. తన పొలం రాజు మనుషులు లాక్కున్నారని మరొకరి మొర. మన సింహాచలం గుడి శాసనాల్లో దానం ఇచ్చినవాళ్ల పేర్లు రాతి మీద నిలిచాయి. పోగొట్టుకున్నవాళ్ల గొంతు అక్కడ వినపడడం అరుదు. ఈ తోలు ముక్కల్లో వినపడుతుంది. అందుకే అవంటే నాకింత ప్రాణం.

ఇద్దరు మనుషుల మధ్య తగాదా అయితే దానికి వేరే దారి ఉంది. 1166 నాటికే రెండో హెన్రీ ఆ దారి వేశాడు. రిట్, అంటే రాజుగారి పేరుతో ఇచ్చే ఆజ్ఞాపత్రం, తెచ్చుకుంటే ఆ చుట్టుపక్కల వాళ్లు పన్నెండు మంది వచ్చి, ఫలానావాణ్ణి అన్యాయంగా వెళ్లగొట్టారో లేదో ప్రమాణం చేసి చెప్పేవారు. చిక్కల్లా భూమి రాజు చేతిలోనే ఉన్నప్పుడు. రాజు దగ్గర నేరుగా భూమి పొందినవాడు చనిపోతే ఎస్చీటర్ అనే అధికారి వచ్చి దాన్ని రాజు ఆధీనంలోకి తీసుకునేవాడు. ఆ ఊపులో పక్కవాడి పొలం చెక్క కూడా పోయేది. రాజు మీద రాజు కోర్టులో రిట్ నడవదు గనక బాధితుడికి మిగిలింది అర్జీ ఒక్కటే.

జవాబు ఆ తోలు ముక్క వెనకవైపు రాసేవారు. ఇద్దరి మధ్య తగాదాకు తరచుగా వచ్చే జవాబు, మామూలు కోర్టుకు వెళ్లమని. భూమి రాజు చేతిలో ఉన్నప్పుడు అలా తిప్పి పంపితే న్యాయం జరగదు గనక విచారణకు ఆర్డరు వేసేవారు. స్థానికుల వాంగ్మూలం తీసుకుని, ఆ నివేదిక ఛాన్సరీకి, అంటే రాజుగారి పత్రాలు చూసే కార్యాలయానికి, చేర్చాలి. అర్జీలు కుప్పలుగా పడుతున్నాయని 1280లో మొదటి ఎడ్వర్డ్ వాటిని శాఖలవారీగా విడగొట్టమన్నాడు. కష్టమైనవే తన దాకా రావాలన్నాడు. ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

ఈ తేడా నువ్వు రోజూ చూస్తావు. అన్నదమ్ముల గట్టు తగాదా అయితే సివిల్ కోర్టుకు వెళ్లమని ఎండార్స్‌మెంట్ ఇవ్వు, ఎందుకు వెళ్లాలో కూడా ఒక వాక్యం రాయి. కానీ తన పట్టా భూమి సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో పడిందని వచ్చినవాడికి అదే మాట రాయకు తల్లీ. అక్కడ భూమిని పట్టుకుని కూర్చున్నది సర్కారే. ఊరి భూముల లెక్క రాసే అడంగల్ తీయించు, సర్వేయర్ని తీసుకుని పొలానికి వెళ్లు, పక్క రైతులను అడుగు, రిపోర్టు పైకి పంపు.

ఇంకొకటి. 1377లో దక్షిణ ఇంగ్లండులో సుమారు నలభై ఊళ్ల రైతులు 1086 నాటి డూమ్స్‌డే అనే భూముల సర్వే రికార్డు నకళ్లు తీసుకున్నారు. తమ ఊరు ఒకప్పుడు రాజుగారి సొంత భూమి, కాబట్టి దొరకు వెట్టి చెయ్యక్కర్లేదని వాళ్ల వాదన. ఆ నకళ్లు అలాంటి హక్కేమీ ఇవ్వవని పైవాళ్లు తేల్చేశారు. పార్లమెంటులో భూస్వాములు వాళ్ల మీదే ఫిర్యాదు చేశారు. నాలుగేళ్లకు, 1381లో, ఇంగ్లండు రైతాంగం తిరగబడింది. ఎంత ఆశతో ఆ నకళ్లు తెచ్చుకుని ఉంటారో అనుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. నీ దగ్గర నకలు తీసుకునేవాడికి అది ఏం రుజువు చేస్తుందో, ఏం చెయ్యదో కౌంటర్ దగ్గరే చెప్పించు. చదవడం రానివాళ్లయితే నువ్వే కూర్చోబెట్టి చెప్పు.

అమ్మ కారప్పొడి కట్టి పంపుతోంది. క్వార్టర్సు దొరికిందో లేదో ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ నాన్న