ఉలవ ఇప్పుడు గది బయట పడుకుంటోంది

రామమూర్తినగర్, బెంగళూరు
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

ఫోన్ చేస్తే "ముందు ఆ కుక్కని ఎవరికైనా ఇచ్చెయ్, తర్వాత మాట్లాడు" అంటావని తెలుసు. అందుకే రాస్తున్నాను. ఉత్తరానికి అడ్డు తగలడం నీ వల్ల కూడా కాదు. మొత్తం చదివాక తిట్టు.

సంక్రాంతికి తెనాలి వచ్చినప్పుడు నువ్వే కదా మొదట కనిపెట్టింది? "ఏరా, ఈసారి చేతిలో కర్చీఫ్ లేదే!" అన్నావు. మీ వీధి భోగి మంట పొగలో గంటసేపు నిలబడ్డా ఒక్క తుమ్ము రాలేదు. పది రోజులూ మాత్ర లేకుండా నిద్రపోయాను. తిరిగొచ్చి ఇక్కడ తలుపు తీశానో లేదో, ఉలవ ఎగిరి మీద పడి మెడంతా నాకేసింది. పావుగంటలో పదకొండు తుమ్ములు. నాన్న లెక్కపెట్టాడు. మెడ మీద నాకిన చోటల్లా దద్దుర్లు.

అప్పటిదాకా నెపం ఊరి మీదే వేసుకుంటూ వచ్చాను. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, పొద్దున్నే చలి, ఖాళీ స్థలం కనబడితే చాలు నిండా వయ్యారిభామ మొక్కలు. బెంగళూరు వచ్చినవాడికి మూడో ఏడు ముక్కు మొదలవుతుందని ఇక్కడి మనవాళ్ల మాట. మా వీధి చివరి క్లినిక్‌లో ఆయన సైనస్ అని తేల్చి, ఒక్క ఏడాదిలో మూడుసార్లు యాంటీబయాటిక్ మింగించాడు. ఆయన్నేమనను. ఇంట్లో కుక్క ఉందా అని ఆయన అడగలేదు, నేను చెప్పనూలేదు. కుక్క అని చెప్పాలన్న ఆలోచనే రాలేదురా. ఉలవ అంటే మనిషే కదా మాకు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండింటికి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. కుక్క వల్ల పిల్లికూతలు! నవ్వుకో, పర్లేదు, మేమూ తర్వాత నవ్వుకున్నాం. ఆ రాత్రి మాత్రం మీ చెల్లెమ్మ ముఖం చూస్తే నవ్వు రాలేదు. మర్నాడే అలర్జీ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లింది.

చర్మం మీద ఒక పరీక్ష చేస్తారు. దానికి వారం ముందు నుంచే సెట్రిజిన్ లాంటి మాత్రలు ఆపేయాలి. ఆ వారం నేను ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆన్ చెయ్యలేదు. పరీక్ష రోజు ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి, నంబర్లు వేసి, ఒక్కో నంబరు పక్కన ఒక్కో పదార్థం చుక్క పెట్టి, ఆ చుక్కలోంచి సన్నటి ములుకుతో పొడిచారు. నొప్పేం లేదు. కానీ పదిహేను నిమిషాలు గోక్కోకూడదట, అదీ శిక్ష. మొదటి చుక్క అందరికీ పొంగుతుందట, రెండోది ఎవరికీ పొంగకూడదట. పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి అవి. వయ్యారిభామ దగ్గర కొంచెం ఎరుపు, అంతే. ఇన్నేళ్లు దాన్ని తిట్టుకున్నాను పాపం. పరుపుల్లో ఉండే దుమ్ము పురుగు దగ్గర చిన్న పొక్కు. తొమ్మిదో నంబరు మాత్రం దోమ కుట్టినట్టు మొదలై, చూస్తూండగానే శనగబద్దంత అయింది. నర్సు చిన్న స్కేలు పెట్టి కొలిచి, "ఎంటు మిల్లీమీటర్, నాయి" అంది. కన్నడంలో ఎనిమిది, కుక్క. మూడు దగ్గర్నుంచే లెక్కలోకి తీసుకుంటారట.

"ఆరేళ్లు ఒకే మంచం మీద పడుకున్నాం డాక్టర్, ఇప్పుడేమొచ్చింది?" అని అడిగాను. ఒంటికి అలాగే ఉంటుందట. ఏళ్ల తరబడి ఊరుకుని, ఒకరోజు అదే పదార్థాన్ని శత్రువు అనుకుంటుందట. ఏ వయసులోనైనా జరగొచ్చట. ఇంకో సంగతి, ఇందులో వెంట్రుకల తప్పేం లేదు. పడనిది దాని లాలాజలంలో, ఒంటి మీది పొట్టులో ఉండే ప్రొటీన్లు. అవి ఎండి, కంటికి కనబడనంత సన్నగా గాల్లో తేలుతూ ఉంటాయి. వెంట్రుక పాపం మోత కూలి. అందుకే గుండు గీయించినా లాభం లేదు. పై అంతస్తు ఆయన "పూడుల్ అయితే ఎవరికీ ఏం కాదు, దాన్ని తెచ్చుకోండి" అని ఉచిత సలహా ఇచ్చాడు. అసలు అలర్జీ తెప్పించని జాతంటూ ఏదీ లేదని డాక్టరు కొట్టిపారేసింది. కొంతమందికి మగకుక్కల్లో మాత్రమే తయారయ్యే ఒక ప్రొటీన్ ఒక్కటే పడదట, వాళ్లకి ఆడకుక్కలతో ఇబ్బంది ఉండకపోవచ్చట. మనది ఆడదే. ఆ అదృష్టం కూడా నాకు లేదు.

దాచకుండా చెప్తున్నా, డాక్టరు కూడా నీ మాటే అంది. అన్నిటికన్నా గట్టి వైద్యం కుక్క ఇంట్లో లేకపోవడమే అని. నెల్లూరు బాబాయి "వారం రోజులు మా ఇంట్లో ఉంచి చూడండి, తేడా తెలుస్తుంది" అన్నాడు కానీ, అలా తెలియదట. కుక్క వెళ్లినా సోఫాల్లో, పరుపుల్లో పట్టింది పోవడానికి నెలలు పడుతుంది. ఊపిరి బలం ఎంతో అంకెల్లో కొలిచే ఊదుడు పరీక్షలో నా ఊపిరి మరీ పడిపోలేదు కాబట్టి మూడు నెలలు గడువు ఇచ్చింది. రోజూ ఇన్‌హేలర్ పీల్చాలి. మళ్లీ రాత్రిపూట ఊపిరి అందకపోయినా, ఆ అంకె తగ్గినా ఇంక బేరాలు ఉండవు. సరేనన్నాను.

బేరమాడింది నా కోసం కాదు, నీకు తెలుసు. అమ్మ పోయి నాలుగేళ్లు. నాన్న ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆర్నెల్లు అన్నం, నీళ్లు, చాలు అన్న మాటలు తప్ప ఇంకోటి లేదు. ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసరికి బాల్కనీలో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. తొంగి చూస్తే ఉలవ. తెనాలి నిమ్మకాయల మార్కెట్లో ఎండాకాలం రేటు ఎలా లేస్తుందో, బస్తాలో పచ్చికాయ అడుగున పెట్టి మోసం చేసేవాణ్ని ఎలా పట్టుకోవాలో దానికి వివరంగా చెబుతున్నాడు. అది చెవులు నిక్కబొడుచుకుని వింటోంది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కెళ్లి, మళ్లీ బెల్లు కొట్టి వచ్చాను.

ఇప్పుడు పొద్దున ఆరింటికల్లా ఇద్దరూ కల్కెరె చెరువు వైపు బయల్దేరతారు. ఆ దారిలో మనుషుల పేర్లు నాన్నకి తెలియవు, "బ్రౌనీ వాళ్ల నాన్న", "సింబా వాళ్ల అమ్మ" అంటాడు. కన్నడం రాదు, దానికీ రాదు. పనమ్మాయి ఉలవని చూసి "పాప" అంటే ముద్దుగా పిలుస్తోందనుకుని ఏడాది మురిసిపోయాడు. కన్నడంలో దానికి అయ్యో పాపం అని అర్థమట.

సరే, ఇల్లు ఏం చేశామో చెప్తా. పెళ్లికి కొన్న సోఫా పోయింది, దివాన్ పోయింది, కర్టెన్లు పోయాయి. గుడ్డ, స్పంజి ఉన్నదేదీ ఉంచకూడదన్నారు. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు చూస్తే ఏదో పంచాయతీ ఆఫీసులా ఉంది. నా గదిలో గాలి శుభ్రం చేసే యంత్రం ఒకటి పెట్టాం, హెపా ఫిల్టర్‌ది. 0.3 మైక్రాన్ల నలుసుల్ని కూడా 99.97 శాతం పట్టేస్తుందని దాని మీద రాసి ఉంది. కానీ తలుపు తెరిచి పెడితే హాలంతటి గాలీ అదెక్కడ శుభ్రం చేస్తుంది? కాబట్టి తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి. దానితో ఆడితే చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకునే గదిలోకి వెళ్లాలి.

ముక్కు స్ప్రే గురించి ఒక మాట, నీకూ ముక్కు ఉంది కాబట్టి. నేను ముందు మూడు రోజులు కొట్టి, లాభం లేదని మూల పడేశాను. అది పూర్తిగా పట్టుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుందట. పైగా కొట్టే తీరు కూడా తప్పే. మధ్య గోడ వైపు కొట్టకూడదు, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, బయటి వైపుకి కొట్టాలి. దానికి ముందు జలనేతి, అంటే చెంబుతో ముక్కులోకి నీళ్లు పోసి కడుక్కోవడం, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో. నాన్నకి ఆ చెంబు చూస్తే ఎక్కడలేని గౌరవం, మిగతా మందులన్నీ దండగ అంటాడు.

ఇక బుధవారం, ఆదివారం ఉలవకి తలంటు. వారానికి రెండుసార్లు ఎందుకంటే, కడిగిన రెండు మూడు రోజులకే ఆ పొట్టూ అదీ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నాన్న కుంకుడుకాయలు కొట్టి సిద్ధం చేశాడు. "మీ అందరికీ అమ్మ పోసింది ఇదే కదా, మీకేమైంది?" అన్నాడు. నాకేమైందో నాకు గుర్తుంది, కళ్లు భగభగ. పశువుల డాక్టరు కుక్కల షాంపూయే వాడమన్నాక ఊరుకున్నాడు. గోరువెచ్చని నీళ్ల బకెట్ చప్పుడు వినగానే అది వెళ్లి దేవుడి గది ముందు పడుకుంటుంది, అక్కడైతే ఎవరూ లాగరని. నాన్నే ఎత్తుకొస్తాడు. నీళ్లు పడ్డాక అది నిజంగా సగం అవుతుంది, బక్క మెడ, పెద్ద చెవులు. చిన్నప్పుడు వర్షంలో కారు కింద దొరికిన రోజు ఎలా ఉందో సరిగ్గా అలా. ఆ తడి రంగు చూసే కదా ఉలవ అని పేరు పెట్టింది. నేను మాత్రం గుమ్మం బయట తువ్వాలు పట్టుకుని నిలబడతాను, ముక్కుకి మాస్కు. రుద్దే పని నాది కాకూడదట.

తలుపు సంగతి చెప్పలేదు. ఆరేళ్లు నా కాళ్ల దగ్గర పడుకున్నది. మొదటి రాత్రి గీకింది, రెండో రాత్రి మూలిగింది. ఐదో రాత్రికి రెండూ మానేసి, తలుపు కింద సందులో ముక్కు ఆనించి పడుకుంది. లైటు ఆర్పాక హాల్లోంచి వచ్చే వెలుతురు గీతలో ఆ ముక్కు నీడ కదలడం కనబడుతుంది. ఇటు యంత్రం గుర్రుమని తిరుగుతోంది, ఆ సందులోంచి దాని ఊపిరి లోపలికి వస్తోంది. లేచి తువ్వాలు మడిచి సందులో కుక్కాను. ఇంత తతంగంలో నేను చేసిన పాడుపని అదొక్కటేరా. అవసరమే, కానీ పాడుపనే. పొద్దున లేచి చూస్తే ఆ తువ్వాలు అంచు మీద తల పెట్టుకుని నిద్రపోతోంది.

ఏడు వారాలైంది. పిల్లికూతలు మళ్లీ రాలేదు. తుమ్ములు పోలేదు, తగ్గాయి. మాత్ర రోజూ కాకుండా వారానికి రెండు మూడు. ఇంజెక్షన్ల కోర్సు ఒకటి ఉంది, మూడు నుంచి అయిదేళ్లు. దుమ్ము పురుగుకి బాగా పనిచేస్తుంది కానీ కుక్కకి అంత గట్టిగా చెప్పలేనంది డాక్టరు. ఇంకా తేల్చుకోలేదు. వచ్చే నెల ఊదుడు పరీక్ష. అప్పుడు అంకె ఏమంటుందో.

ఇప్పుడు నీతో పని. అది ఒక్కతే హాల్లో ఉందని నాన్న తన గది వదిలేసి, వారం నుంచి దాని పక్కన నేల మీద చాప వేసుకుంటున్నాడు. డెబ్బై నాలుగేళ్ల మోకాళ్లు. పొద్దున లేవడానికి గోడ పట్టుకుంటున్నాడు. కొత్త మంచం కొంటానంటే వద్దట. తెనాలిలో మన ఇంట్లో వెనక వసారాలో అమ్మ నవ్వారు మంచం ఉంది, పరుపు అక్కర్లేదు, నవ్వారు విప్పి వేడినీళ్లలో ఉతుక్కోవచ్చు, నీ డాక్టర్ కూడా ఏమీ అనదు అన్నాడు. ఆ ఇంటి మాట ఆయన నోట వచ్చి చాలా రోజులైంది.

తాళం నీ దగ్గరే ఉంది కదా. మంచం కోళ్లు విడగొట్టి, గోనె చుట్టించి ట్రాన్స్‌పోర్ట్‌లో వేయించు. నవ్వారు చుట్ట విడిగా కట్టించు, ఎలుకలు కొట్టి ఉంటే చెప్పు, ఇక్కడ కొత్తది కొంటాను. మంచం కింద ఎత్తు ఎంతుందో టేపుతో కొలిచి మెసేజ్ పెట్టు. ఉలవ దూరగలదో లేదో నాన్న అడుగుతున్నాడు.

నీ
ముక్కుగాడు