మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25: పార్కు నేల లోపల జరిగిన పని

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనులు మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు ఇప్పటికే ఇంటింటికీ పంచారు. రెండో గల్లీ మోరీ పూడిక వానలకు ముందే తీయించాం. వీధిదీపాల ఫిర్యాదులు చాలావరకు తీరాయి, గేటు దగ్గర కెమెరా ఒకటి ఇంకా బాగుపడాలి. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం. బతుకమ్మకు పోయినసారి కంటే ఎక్కువమంది ఆడబిడ్డలు వచ్చారు. వీటి మీద ప్రశ్నలుంటే సర్వసభ్య సమావేశంలో అడగండి, అక్కడే జవాబు చెబుతాం.

ఈ నివేదికలో ఎక్కువ చోటు పార్కు మట్టికే ఇస్తున్నాను. పార్కు పడమటి సగంలో టైల్స్ పరిచే ప్రతిపాదన ఈసారి ఓటుకు వస్తోంది. ప్రతిపాదన కాగితంలో ఆ చోటును ‘ఖాళీ స్థలం’ అని రాశారు. అది ఖాళీగా లేదని ఏడాదంతా కళ్లారా చూశాం. ఓటు వేసే ముందు మీరూ తెలుసుకోవాలని కోరిక.

మన పార్కు అర ఎకరం. పైన ఎర్ర చెలక మట్టి, కిందికి పోతే మొరం, ఆ కింద హైదరాబాద్ అంతటా ఉన్న రాయే. ఏళ్ల తరబడి మనం ఇక్కడ రోజూ ఆకులు ఊడ్పించి, మూలకు చేర్చి కాల్పించాం. నేల ముగ్గు వేసుకునేంత శుభ్రంగా కనిపించేది. మట్టిలో బతికే ప్రాణులకు రాలిన ఆకే తిండి. వడ్డించిన విస్తరిని రోజూ లాగేశామన్నమాట. పైగా రెండేళ్ల కింద ఒక కార్యక్రమానికి ముందు, శుభ్రం చేసే పని ఒప్పుకున్నవారు మమ్మల్ని అడగకుండా గడ్డిమందు కొట్టించారు. గడ్డి మొత్తం పోయింది. ఆ వానాకాలంలో ఉత్తరపు గోడ వెంట మట్టి కోసుకుపోయి వేపచెట్టు వేళ్లు బయటపడ్డాయి. ఆ వేళ్లను చూశాకే కమిటీలో ఈ చర్చ మొదలైంది.

ముందుగా మేం చేసిన తప్పు చెబుతాను. ఏప్రిల్‌లో ఎరువుల దుకాణం నుంచి రెండు సంచుల వానపాములు కొనుక్కొచ్చి పార్కు నేల మీద వదిలాం. వారం తిరక్కుండా ఒక్కటీ మిగల్లేదు. తరవాత తెలుసుకున్నాం, వానపాములన్నీ ఒకటి కాదు. ఎరువుల తొట్టెల్లో పెంచే ఎర్రటి సన్న రకం పేడలో, కుళ్లిన ఆకుల్లో, తేమలో మాత్రమే బతుకుతుంది. ఎండిన చెలకలోకి తొలుచుకుపోవడం దానికి చేతకాదు. ఇక్కడి నేలలో ఉండే నాటు రకాలు వేరు. అవి మట్టినే తింటూ, మట్టినే విసర్జిస్తూ లోపల సొరంగాలు చేసుకుంటాయి. పెట్టిన డబ్బు పోయింది, పాపం ఆ ప్రాణులూ పోయాయి. ఆ ఖర్చు పట్టికలో ‘తోట పనులు’ కింద ఉంది.

మరి మన నేలలో నాటు రకం అసలు మిగిలిందా? మే నెలలో, ఎండ 43 డిగ్రీల దరిదాపుల్లో ఉన్న రోజుల్లో, కానుగ చెట్టు మొదట్లో జానెడు లోతు తవ్వి చూస్తే ఏమీ లేదు. అంతా చచ్చిందనుకున్నాను. మన మాలి నవ్వి, “అమ్మా, ఈ ఎండకు ఎర్రలు పైనెందుకుంటయి? ఇంకా లోపలికి పోవాలె” అని గడ్డపార అందుకున్నాడు. మోకాలి లోతుకు దగ్గరపడ్డాక ఒక మట్టి పెళ్ల పగిలింది. అందులో గోళీకాయంత గుండ్రటి గూడు, గోడలు నున్నగా పూతపూసినట్టున్నాయి. లోపల ఒక వానపాము తాడు ముడి వేసినట్టు తనను తానే చుట్టుకుని కదలకుండా ఉంది. అరచేతిలో పెట్టి నాలుగు చుక్కల నీళ్లు చల్లితే కాసేపటికి ముడి విప్పుకోవడం మొదలుపెట్టింది. వేసంగిలో అవి అలా ఒంట్లోని తేమ పోకుండా ముడుచుకుని వానకోసం ఎదురుచూస్తాయట. మళ్లీ జాగ్రత్తగా పూడ్చేశాం. కొనుక్కు రావాల్సిన అవసరమే లేదని, ఉన్నవాటికి తిండి, నీడ ఇస్తే చాలని ఆ రోజే తీర్మానం రాసుకున్నాం.

అప్పటి నుంచి ఆకులు కాల్చడం ఆపేశాం. నడిచే దారి మీద పడినవి మాత్రం ఊడ్చి, చెట్ల పాదుల్లో నాలుగు వేళ్ల మందాన పరుస్తున్నాం. మిగిలిన ఆకులు తూర్పు గోడ పక్కన తవ్విన మూడు గుంతల్లోకి, ఇళ్ల నుంచి వచ్చే తడి చెత్తతో పాటు. మొదటి గుంత కంపు కొట్టింది, పక్క ఇంటివారు బాధపడ్డారు, వారి ఓపికకు సంఘం తరపున కృతజ్ఞతలు. తడి చెత్త ఎక్కువై గాలి ఆడకపోవడమే కారణం. ఒక బకెట్ తడి చెత్తకు రెండు బకెట్ల ఎండాకులు వేయడం మొదలుపెట్టాక కంపు పోయింది. రెండో వారంలో ఇనుప చువ్వ గుచ్చి తీస్తే చేత్తో పట్టుకోలేనంత వేడి. మామూలు బాక్టీరియా ముందు దిగి గుంతను వేడెక్కిస్తాయి, ఆపైన వేడిలోనే పనిచేసే బాక్టీరియా వచ్చి మెత్తటి సరుకును తినేస్తాయి. గుంత చల్లారాక బూజులు వచ్చి గట్టి పీచు మీద పడతాయి. ఆ తరవాత రోకలిబండలు, వానపాములు, చిన్న చిన్న పేడపురుగులు. ఒకరు వండి వెళ్లాక మరొకరు వచ్చి వడ్డించినట్టు, ఎవరి వంతు వారిదే.

జూన్‌లో తొలకరి పడిన మూడో రోజు పొద్దున్నే పిల్లలు మా తలుపు కొట్టారు. “ఆంటీ, ఆరుద్ర పురుగులు!” పార్కులో కొన్నేళ్లుగా కనబడనివి, పడమటి సగంలోనే, మఖమల్ బొత్తాల్లా ఎర్రగా పాకుతున్నాయి. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి తొలివానలకు మాత్రమే పైకి వస్తాయి. ఇతర పురుగుల గుడ్లు తింటాయి కాబట్టి అవి వచ్చాయంటే కింద వాటికి సరిపడా తిండి ఉన్నట్టే. మా చిన్నప్పుడు అగ్గిపెట్టెలో వేసుకుని బడికి తీసుకెళ్లేవాళ్లం. ఈసారి పిల్లలకు చూడనిచ్చాం, పట్టనివ్వలేదు.

తొలకరి మట్టి వాసన అంటే మనందరికీ ప్రాణం. ఆ వాసన నీళ్లది కాదు, ముఖ్యంగా మట్టిలో స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది. ఆ వాసన పట్టుకుని మట్టిలో గెంతే కంటికి ఆనని పురుగులు వచ్చి, ఆ బాక్టీరియా బీజాలను ఒంటికి అంటించుకుని మోసుకుపోతాయని 2020లో శాస్త్రవేత్తలు చూపించారు. ఈ కుటుంబపు సూక్ష్మజీవికే మన తెలుగువారి చరిత్రతో ఒక ముడి ఉంది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలంలోనే అక్కడ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు బయటపడింది. 1948లో ప్రపంచానికి తెలిసిన ఆ మందు ఒక పొలం నుంచి తెచ్చిన మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ ఇచ్చినదే. టెట్రాసైక్లిన్ మందుల వరసలో అది మొదటిది. గుప్పెడు మట్టిని తక్కువ చేసి చూడలేం అనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తట్టడం లేదు.

ఇక నీళ్ల సంగతి. జులైలో పిల్లలతో ఒక చిన్న పరీక్ష చేయించాం. మీరూ ఇంట్లో చేయవచ్చు. బోడిగా ఉన్న ఉత్తరపు గోడ పక్క నుంచి ఒక మట్టి పెళ్ల, ఆకులు పరిచిన కానుగ పాదులోంచి ఒక పెళ్ల, రెండూ ఎండబెట్టి రెండు గాజు గ్లాసుల నీళ్లలో వదిలాం. మొదటిది దిగుతూనే పొడిపొడిగా విడిపోయి నీళ్లను ఎర్రగా మార్చేసింది. రెండోది అంచుల్లో బుడగలు వదిలింది కానీ చాలాసేపు పెళ్లగానే నిలిచింది, నీళ్లలో అవతలి వేలు కనబడుతూనే ఉంది. మట్టి ఒకటే. తేడా వచ్చింది లోపలి ప్రాణుల వల్ల. బూజు దారాలు, వేళ్ల జిగురు, వానపాముల విసర్జన కలిసి మట్టి రేణువులను ముద్దలుగా పట్టి ఉంచుతాయి. ముద్దల మధ్య సందులుంటాయి, ఆ సందుల్లోంచే నీళ్లు దిగుతాయి. విడిపోయే మట్టి అయితే వాన చినుకులకే పైన పొరకట్టి గట్టిపడుతుంది, ఆ మీద పడిన నీళ్లు రోడ్డు మీదికి పరుగు తీస్తాయి.

ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కుండపోత పడినప్పుడు ఇది కళ్లకు కట్టింది. సిమెంటు గల్లీలో చీలమండ లోతు నీళ్లు. గోడ పక్క బోడి నేల మీద చెరువులా మడుగు. కానుగల కింద మాత్రం చెప్పు వేసుకుని నడవగలిగాం. లెక్క చూడండి: అర ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 20 వేల లీటర్లు. వేసంగిలో మనం బుక్ చేసే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఆ నీళ్లు నేలలోకి దిగితే మన బోరు కిందికి, దిగకపోతే మోరీలోకి. 2020 అక్టోబరులో బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు పడింది, మన వైపు ఘట్‌కేసర్ దగ్గర ఇంకా ఎక్కువ. అంతటి వానను ఒక పార్కు ఆపుతుందని నేను అనడం లేదు. కానీ నగరంలో నేల అన్నదంతా టైల్స్ కిందికి పోతున్నప్పుడు మిగిలిన అర ఎకరం విలువ పెరుగుతుంది.

‘ఇన్ని రకాల పురుగులెందుకు, మంచి బాక్టీరియా సీసా ఒకటి కొని పోస్తే సరిపోదా?’ అని ఒక సభ్యుడు అడిగారు. మంచి ప్రశ్న. స్విట్జర్లాండ్ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబు చెబుతుంది. మట్టిలోని ప్రాణులను రకరకాల సందులున్న జల్లెడల గుండా వడకట్టారు. కొన్ని కుండీలకు అన్ని రకాలూ అందాయి, కొన్నిటికి సన్న జల్లెడ దాటగలిగిన సూక్ష్మజీవులు మాత్రమే. అన్నిటిలోనూ పచ్చిక బయళ్ల మొక్కల విత్తనాలు ఒకే కలగలుపుగా వేశారు. ప్రాణుల రకాలు తగ్గినకొద్దీ మొక్కల వైవిధ్యం తగ్గింది, ఆకు కుళ్లడం మందగించింది, నత్రజని, భాస్వరం మట్టిలో నిలవకుండా నీళ్లతో కొట్టుకుపోయాయి. ఒక్క పని కాదు, చాలా పనులు కలిసి కుంటుపడ్డాయి.

మన మాటల్లో చెప్పాలంటే, కాలనీకి వాల్వ్ తిప్పే మనిషి ఒక్కడే అయితే ఆయనకు జ్వరం వచ్చిన రోజు ఎవరింటికీ నల్లా రాదు. ఇద్దరు ముగ్గురికి ఆ పని తెలిస్తే నీళ్లు ఆగవు. మట్టిలోనూ అంతే. ఎండ ముదిరితే కొన్ని రకాలు పని ఆపేస్తాయి, వానలు గాడి తప్పితే మరికొన్ని. అప్పుడు ఆ పనిని అందుకునే ఇంకో రకం ఉంటేనే ఆకు ఎరువవుతుంది, చెట్టుకు తిండి అందుతుంది. మనకు ఇకముందు వచ్చే వేసంగులు, వానలు పాత పద్ధతిలో ఉండవని ఈ నగరంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. భూమ్మీది జీవజాతుల్లో సగానికి పైగా, సుమారు 59 శాతం, మట్టిలోనే బతుకుతాయని 2023లో వచ్చిన ఒక అంచనా. వాటిలో ఏది ఏ రోజు మనకు అక్కరకొస్తుందో ముందే ఏరుకుని సీసాలో పెట్టుకోలేం.

అభ్యంతరాలూ వచ్చాయి. ఆకుల్లో పాములు చేరతాయన్న భయం అర్థం లేనిది కాదు, అందుకే దారికి, పిల్లల ఊయలలకు దగ్గర ఆకులు పరచడం లేదు. చెదలు ఇళ్లలోకి వస్తాయన్నారు. గోడల నుంచి రెండు గజాల దూరం వదిలాం, ఇప్పటివరకు ఎవరి తలుపులకూ పట్టలేదు. పెద్దవారికి నడవడానికి గట్టి దారి కావాలన్నది న్యాయమైన కోరిక. టైల్స్ ప్రతిపాదన తెచ్చినవారి మనసులో ఉన్నదీ అదే.

అందుకే కమిటీ తరపున ఇంకో తీర్మానం పెడుతున్నాం. దారి పొడవునా ఒక మనిషి వెడల్పు మాత్రమే, సందులు వదిలి రాళ్లు పరుద్దాం, మిగతా పడమటి సగాన్ని మట్టిగానే ఉంచుదాం. పార్కులో గడ్డిమందు, చెదల మందు కమిటీ రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ కొట్టకూడదు. ఆకులకు నిప్పు పెట్టకూడదు. ఉత్తరపు గోడ వెంట ఇంకా బోడిగానే ఉంది. అక్కడ ఈ తొలకరికి గరిక, జనుము చల్లి చూస్తాం. వేపచెట్టు వేళ్ల మీద మట్టి కప్పడం ఫిబ్రవరిలోనే అయిపోయింది.

మాలికి నెలకు ఇచ్చే జీతం పెంచాలన్న ప్రతిపాదన కూడా ఎజెండాలో ఉంది. ఆయన గడ్డపార పట్టిన రోజు లేకపోతే ఈ నివేదికలో సగం ఉండేది కాదు, దయచేసి సమ్మతించండి.

సమావేశం ఆదివారం ఉదయం పది గంటలకు కమ్యూనిటీ హాల్లో. దానికి ముందు ఏడున్నరకు మూడో గుంత తెరుస్తున్నాం, ఎరువు సిద్ధమైంది. ఇంటికో బకెట్ ఇస్తాం. బకెట్ మీరే తెచ్చుకోండి, ఎరువులో వానపాములు కనబడితే పక్కనున్న రెండో గుంతలో వదిలి వెళ్లండి.

— కార్యదర్శి