గెలాక్సీ దూరం: అంచనా వేశారా, కొలిచారా?

సంపాదకులు గారికి నమస్కారాలు.

2022 జూలైలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు తొలి చిత్రాలు విడుదలైన నాటి నుంచి మన దినపత్రికల్లో ‘అతి దూరపు గెలాక్సీ’, ‘విశ్వంలో తొలి గెలాక్సీ’ వంటి శీర్షికలు తరచుగా కనిపిస్తున్నాయి. సైన్స్ వార్తకు రెండు కాలమ్‌ల చోటు దొరకడమే గగనమైన రోజుల్లో ఇది సంతోషించవలసిన విషయమే. అయితే ఆ వార్తల్లో చాలావాటిలో పాఠకుడికి ముందుగా తెలియవలసిన సంగతి ఒకటి లోపిస్తోంది. ఆ గెలాక్సీ దూరాన్ని ఫొటోల్లో కనిపించిన రంగును బట్టి అంచనా వేశారా, లేక దాని కాంతిని విడదీసి వర్ణపటం తీసి కొలిచారా అన్నదే ఆ సంగతి. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ లోపం చదివిన ప్రతిసారీ పంటి కింద రాయిలా తగులుతోంది కనుక, అది ఎందుకు ముఖ్యమో మీ పాఠకుల ముందు పెట్టదలిచాను.

ఆకాశంలో ఒకే చోటును చాలాసేపు చూసి దూరపు గెలాక్సీలను వెతికే పని ఇప్పటి రూపానికి వచ్చింది 1995 డిసెంబరులో. హబుల్ టెలిస్కోపు వ్యవహారాలు చూసే సంస్థకు అప్పటి డైరెక్టర్ రాబర్ట్ విలియమ్స్, తన విచక్షణతో వాడుకోగలిగిన పరిశీలన సమయంలో పెద్ద భాగాన్ని సప్తర్షి మండలం దగ్గర ఏమీ లేనట్టు కనిపించే ఒక చిన్న చోటుకు కేటాయించారు. ఆ చోటు వెడల్పు పున్నమి చంద్రుడి వ్యాసంలో పన్నెండో వంతు. పది రోజుల పాటు అక్కడికే గురిపెట్టి, ఒక్కో రంగు కాంతినే లోపలికి వదిలే నాలుగు ఫిల్టర్లలో 342 ఫొటోలు తీసి కలిపితే సుమారు 3,000 గెలాక్సీలు బయటపడ్డాయి. 2003, 2004 సంవత్సరాల్లో ఇదే పద్ధతిలో మరింత లోతుగా చూసినప్పుడు మరో చోట దాదాపు 10,000 తేలాయి. వాటిలో అన్నిటికంటే మసకగా ఉన్నవి మన కంటికి కనిపించే అతి మసక నక్షత్రం కంటే సుమారు 400 కోట్ల రెట్లు మసక.

పత్రికల్లో అచ్చయ్యే ఆ రంగుల చిత్రం పనిలో ఒక భాగం మాత్రమే. దాని వెనుక కేటలాగు ఉంటుంది. శాస్త్రవేత్తలు వాడుకునేది నిజానికి ఆ కేటలాగునే. అందులో ఒక్కో గెలాక్సీకి ఒక్కో వరుస: క్రమసంఖ్య, ఆకాశంలో స్థానం, ఒక్కో ఫిల్టరులో ప్రకాశం, ఆ ప్రకాశంలో ఎంత పొరపాటుకు అవకాశం ఉందో తెలిపే అంకె, అంచనా దూరం, అనుమానం ఉంటే ఒక హెచ్చరిక గుర్తు. చూడటానికి రేషన్ డీలరు రిజిస్టరులా నీరసంగా ఉండే ఈ పట్టికను తయారుచేయడంలో ఉన్న జాగ్రత్త అంతా ఇంతా కాదు. కెమెరా లోపం వల్ల వెలిగిన చుక్కను ఏరివేయడానికి టెలిస్కోపును ఒక్కో ఫొటోకు కాస్త పక్కకు జరుపుతారు. గెలాక్సీ అయితే ఆకాశంలో తన చోటనే ఉంటుంది, కెమెరా లోపం అయితే కెమెరాతో పాటే జరుగుతుంది. ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ వచ్చే కాంతి ముళ్లను కప్పేస్తారు. ఒకదానికొకటి ఆనుకున్న రెండు మచ్చలు రెండు గెలాక్సీలా, ఒకే గెలాక్సీలోని రెండు భాగాలా అన్నది ప్రోగ్రాముకు వదిలినా, ఆ ప్రోగ్రాముకు నియమాలు పెట్టేది మనిషే.

అన్నిటికంటే నాకు నచ్చేది తప్పుడు గెలాక్సీలను లెక్కించే పద్ధతి. చిత్రంలోని ఆకాశపు నేపథ్యాన్ని తీసివేశాక, ఒక్కో బిందువు ప్రకాశాన్ని తెలిపే అంకెలన్నిటినీ తలకిందులు చేస్తారు, అంటే ధనాన్ని రుణంగా, రుణాన్ని ధనంగా మారుస్తారు. ఆ తిరగేసిన చిత్రం మీద అదే ప్రోగ్రామును, అదే నియమాలతో నడుపుతారు. రుణ కాంతిని వెదజల్లే గెలాక్సీ ఎక్కడా ఉండదు కాబట్టి అక్కడ ‘దొరికినవి’ దాదాపు అన్నీ కెమెరా గోలలోంచి, అంటే అంకెల్లో దానంతటదే వచ్చే హెచ్చుతగ్గుల్లోంచి, పుట్టినవే. అసలు చిత్రంలోనూ ఇంచుమించు అన్ని దొంగ గెలాక్సీలు ఉంటాయని దాన్నిబట్టి తెలుస్తుంది. దీనికి ఎదురు పరీక్ష కూడా ఒకటి ఉంది. తామే కల్పించిన మసక గెలాక్సీలను చిత్రంలో అక్కడక్కడా చల్లి, వాటిలో ఎన్నిటిని ప్రోగ్రాము పట్టుకుందో, ఎన్నిటిని జారవిడిచిందో చూస్తారు. ఈ రెండు పరీక్షల ఫలితాలు లేని కేటలాగును ఆ రంగంలో ఎవరూ నమ్మరు.

ఇక దూరం సంగతి. గెలాక్సీల మధ్య పరచుకుని ఉండే హైడ్రోజన్ 121.6 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలను మింగేస్తుంది. విశ్వం వ్యాకోచించడం వల్ల ఆ హద్దు కాంతితో పాటే సాగి, గెలాక్సీ ఎంత దూరమైతే అంత ఎరుపు వైపు, పరారుణం వైపు జరుగుతుంది. అందుచేత ఒక గెలాక్సీని ఒక్కో ఫిల్టరులో తీసిన స్టాంపు సైజు ముక్కలను వరుసగా పేర్చి చూస్తే, ముందున్న ముక్కలు ఖాళీగా ఉండి ఒకచోట హఠాత్తుగా చుక్క ప్రత్యక్షమవుతుంది. ఎక్కడ ప్రత్యక్షమైందో చూసి దూరాన్ని లెక్కకడతారు. పద్ధతి తెలివైనదే, చౌకైనది కూడా. అయితే వేషధారులు ఉన్నారు. దుమ్ము నిండిన దగ్గరి గెలాక్సీ, ముసలి నక్షత్రాలతో నిండినది, ఒక్కోసారి మన పాలపుంతలోనే ఉండే చల్లని మరుగుజ్జు తార కూడా ఇదే తీరున కనిపించి మోసం చేయగలవు.

ఇలాంటి మోసం జరిగింది కూడా. గెలాక్సీ ఎంత దూరమైతే దాని కాంతి అంత పాతది, అంటే విశ్వం పుట్టిన మహావిస్ఫోటానికి అంత దగ్గరి కాలానిదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. వెబ్ టెలిస్కోపుతో చేసిన సీర్స్ అనే పరిశీలనలో దొరికిన సీర్స్-93316 అనే గెలాక్సీ, రంగుల లెక్క ప్రకారం, మహావిస్ఫోటం జరిగిన దాదాపు 23.5 కోట్ల సంవత్సరాలకే ఉన్నట్టు 2022లో తేలి, అప్పటికి అన్ని రికార్డులనూ దాటేసింది. 2023లో వర్ణపటం తీస్తే అది మహావిస్ఫోటం తర్వాత 120 కోట్ల సంవత్సరాల నాటిదని బయటపడింది. దానిలోని వేడి వాయువుల్లో ఉన్న హైడ్రోజన్, ఆక్సిజన్‌ల కాంతి రేఖలు సరిగ్గా కొన్ని ఫిల్టర్లలో పడటం, దానికి దుమ్ము తోడు కావడంతో రంగు తప్పుదారి పట్టించింది. అదే పరిశీలనలో దొరికిన మేసీ గెలాక్సీ మాత్రం అదే పరీక్షలో నెగ్గింది. అది మహావిస్ఫోటం తర్వాత సుమారు 39 కోట్ల సంవత్సరాల నాటిదని కొలతలో నిలబడింది. 2022లో ఈ రెండింటి గురించీ చదివిన సాధారణ పాఠకుడికి ఏది నిలుస్తుందో, ఏది కూలుతుందో ఊహించే వీలు లేదు. రెండూ అంచనాలేనని చెప్పి ఉంటే మాత్రం, ఆ తర్వాత వచ్చిన సవరణ అతనికి శాస్త్రం చేసిన పొరపాటుగా కాక శాస్త్రం నడిచే దారిగా అర్థమయ్యేది. ఆ సవరణ మన పత్రికల్లో వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

అంచనాలను తక్కువ చేయాలన్నది నా ఉద్దేశం కాదు. అన్నిటికీ వర్ణపటం తీయడం కుదిరే పని కాదు. వెబ్ టెలిస్కోపులోని వర్ణపట యంత్రంలో వెంట్రుకవాసి వెడల్పున్న చిన్న తలుపులు దాదాపు రెండున్నర లక్షలు ఉన్నా, ఒక విడతలో చూడగలిగేది వంద, రెండు వందల గెలాక్సీలనే. మరోవైపు అదే టెలిస్కోపుతో పనిచేసే కాస్మోస్-వెబ్ బృందం 2025 జూన్‌లో విడుదల చేసిన కేటలాగులో దాదాపు 8 లక్షల గెలాక్సీలు ఉన్నాయి. అదే ఏడాది మార్చిలో యూరప్ అంతరిక్ష సంస్థ వారి యూక్లిడ్ టెలిస్కోపు తొలి విడతలోనే 2.6 కోట్ల గెలాక్సీలను చూపింది. వీటిలో అత్యధికం ఎప్పటికీ అంచనాలుగానే మిగులుతాయి. అందుకే ప్రతి వరుసలో దూరం పక్కన దాని అనిశ్చితి కూడా రాస్తారు. వార్తలో రాలిపోతున్నది ఆ రెండో అంకే.

ఈ రంగం మనకు పరాయిది కూడా కాదు. భారత అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ 2016 అక్టోబరులో, హబుల్ లోతుగా చూసిన ఒక ప్రాంతాన్నే అతినీలలోహిత కాంతిలో 28 గంటల పాటు పరిశీలించింది. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వస్తున్న కాంతిని అందులో గుర్తించినట్టు పుణేలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా శాస్త్రవేత్త కనక్ సాహా బృందం 2020లో ప్రకటించింది. చూసిన నాటికీ ప్రకటించిన నాటికీ నాలుగేళ్ల ఎడం ఉన్నదని గమనించాలి. ఇక మన విశాఖపట్నంలో 1840లోనే గోడే వెంకట జగ్గారావు గారు డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. ఆ పరిశీలనలో ముఖ్యమైనది శుక్రుడి అంచు సూర్యుడి అంచును తాకిన క్షణం. అది కళ్లముందే సాగి మసకబారేది కనుక, పరిశీలకులు తాము రాసిన సమయాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పవలసి వచ్చేది. నగరపు వెలుగు, సముద్రపు తేమ కలిసి ఇప్పుడు బీచ్ రోడ్డు నుంచి పాలపుంతను కూడా చూడనివ్వవు. కానీ పైన చెప్పిన కేటలాగులు ఎవరైనా ఉచితంగా దించుకోవడానికి ఉన్నాయి. ఎమ్మెస్సీ విద్యార్థి ఒక మామూలు కంప్యూటరు మీద వాటితో ప్రాజెక్టు చేయవచ్చు. ఆ విద్యార్థి రేపు దినపత్రిక తెరిచి చదివే వార్తకూ, తాను ముందు రోజు చూసిన పట్టికకూ పొంతన ఉండాలి కదా.

కాబట్టి నా విన్నపం చిన్నది. దూరపు గెలాక్సీ వార్తలో ఒక్క వాక్యం చేర్చండి: ‘ఈ దూరం చిత్రాల రంగును బట్టి వేసిన అంచనా, వర్ణపటంతో ఇంకా నిర్ధారించలేదు’ అనో, ‘వర్ణపటంతో నిర్ధారించారు’ అనో. ఏజెన్సీ పంపిన వార్తలో ఆ ముక్క లేకపోతే, అసలు ప్రకటనలో ‘అభ్యర్థి గెలాక్సీ’ అన్నారా లేదా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అలాగే 1,350 కోట్ల కాంతి సంవత్సరాల దూరం అని రాసేటప్పుడు, అది కాంతి ప్రయాణించిన కాలమని, వ్యాకోచం వల్ల ఆ గెలాక్సీ ఇప్పుడు ఉన్న దూరం 3,300 కోట్ల కాంతి సంవత్సరాల వరకు ఉంటుందని వీలున్నప్పుడు తెలపండి. అంచనా అని ప్రచురించిన గెలాక్సీకి తర్వాత వర్ణపటం తీసినప్పుడు, ఫలితం ఎటు వచ్చినా, మొదటి వార్త వచ్చిన పేజీలోనే నాలుగు వాక్యాలు వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం