2024–25 వార్షిక నివేదిక: మన కాలువ పడవల సంఘం సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్య సోదర సోదరీమణులకు నమస్కారం.

నియమావళి ప్రకారం ఏటా నివేదిక చదవాలి కనుక చదువుతున్నాను. చదవకపోతే ఏడాదంతా ఏమి చేశారని అడుగుతారు, చదివితే ఇంత పొడుగెందుకని అడుగుతారు. సంఘం ఎందుకు పెట్టుకున్నామో ఇక్కడ కూర్చున్నవారికి చెప్పనక్కరలేదు. పడవలోనే వండుకుని పడవలోనే పడుకునే కుటుంబాలు మన రేవులో ఇంకా ఉన్నాయి. కొబ్బరికాయలు, గడ్డి, ఇటుక, పశువుల ఎరువు అవతలి గట్టుకు చేరవేసుకునేవారూ ఉన్నారు. వీరి పడవలు నీటి మీద నిలవాలి, వాటికి దారి ఉండాలి.

కార్యవర్గం ఏడాది పొడవునా సమావేశమైంది. కోరం లేక వాయిదా పడిన వాటిని కూడా వచ్చినవారి సంతకాలతో మినిట్స్ పుస్తకంలో రాశాం. రానివారి పేర్లు సైతం రాయాలన్న ఉపాధ్యక్షుల వారి సూచనను ఈసారికి పక్కన పెట్టాం.

పెద్ద పడవ మరమ్మతు

ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోగల పని ఇదే కనుక కాస్త వివరంగా చెబుతాను. దాళ్వా (రబీ వరి) చేలకు నీటి అవసరం తీరాక ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేస్తారు. ఊళ్లు ముందే మంచినీటి చెరువులు నింపుకుంటాయి, మనం పడవల సంగతి చూసుకుంటాం. జూన్‌లో సార్వాకు (ఖరీఫ్ వరికి) మళ్లీ నీళ్లు వదిలేలోపు అడుగు కళ్లారా చూసుకుని మేకు కొట్టుకోగలిగేది ఆ కొద్ది వారాలే.

సంఘం పెద్ద పడవ ఒకప్పటి రాదారి పడవ. బస్సులు రాకముందు మనుషులను మోసింది, ఆ తరువాత ధాన్యం మోసింది. గట్టు వెంట నడుస్తూ దీన్ని తాడుతో లాగిన పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. కొన్నేళ్లుగా ఇందులో నీళ్లు తోడటానికే ఒక మనిషి కావలసివచ్చేది. ఏప్రిల్‌లో తాటి మొద్దులు పరిచి, వెదురు గడలు వేసి ఎత్తి, గట్టు మీదకు లాగాం.

తాళ్లరేవు నుంచి వచ్చిన మేస్త్రి గారు మొదట చేసిన పని చూసి మనవాళ్లు నవ్వారు. పడవ లోపల బిందెలతో నీళ్లు పోయమన్నారు. లోపలికి నీళ్లు వస్తున్నాయని పిలిపిస్తే మళ్లీ లోపలే పోయడమేమిటని ఒకరిద్దరు పైకే అన్నారు. ఆయన సుద్దముక్క పట్టుకుని పడవ చుట్టూ తిరిగారు. చెమ్మ ఊరిన చోట గీత, ధార కట్టిన చోట సున్న. పూర్తయ్యేసరికి ఎడమ వైపంతా సున్నలే. తరువాత కొయ్య సుత్తితో ఒక్కొక్క పలకను తట్టారు. గట్టి చెక్క కంగుమంది, కుళ్లిన చెక్క బొంగురుగా పలికింది. అన్నిటికంటే బొంగురుగా పలికింది రంగు వేసి దాచిన చోటే. ఆ రంగు వేయించిన కార్యవర్గం ఏదో ఇప్పుడు చెప్పుకోవడం అనవసరం.

ఇనుప మేకు తుప్పుపట్టి చుట్టూ చెక్కను నల్లగా తినేస్తుంది. అలాంటివన్నీ పీకి రాగి మేకులు కొట్టి, లోపలివైపు మొనలు వంచారు. కుళ్లిన పలకల స్థానంలో అడుగున టేకు వేశాం. పై వరుసలకు దొరికిన కలపతో సరిపెట్టాం. సందుల్లోని పాత నారను కొక్కెంతో లాగి, నూనెలో నానబెట్టిన జనపనారను మొండి ఉలితో దట్టించి, నూనెలో కాచిన గుగ్గిలం పైన పోశారు. ఒకసారి దట్టించాక సుత్తి దెబ్బకు నార ఇంకా లోపలికి దిగుతుంటే, ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. ఎంతసేపని అడిగిన ధర్మకర్తకు, అది ఇక దిగను అనేదాకా అని జవాబు వచ్చింది. బయటివైపు మోరి నుంచి తెప్పించిన జీడిపెంకు నూనె పట్టించాం. అది ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి. చేతులకు గుడ్డ చుట్టుకోమని చెప్పినా వినని సభ్యులొకరు కొన్నాళ్లు చెంచాతో భోజనం చేశారు.

ఉప్పుటేళ్ల వైపు పడవలు తిప్పేవారికి మేస్త్రి గారు ప్రత్యేకంగా చెప్పిన మాట మినిట్స్‌లోకి ఎక్కించాం, ఇక్కడా చెబుతున్నాను. ఉప్పునీటిలో చెక్కను తొలిచే పురుగు బయట సూదిబెజ్జం మాత్రమే చూపిస్తుంది, లోపల పలకంతా గుల్ల చేస్తుంది. మంచినీటిలో అది ఎక్కువ కాలం బతకలేదు. అటు వెళ్లివచ్చిన పడవను కొన్ని వారాలు కాలువ నీటిలో కట్టి ఉంచండి.

ఇక తడపడం సంగతి. గట్టెక్కిన చెక్క పడవ ఎండకూడదు. ఎండితే పలకలు ముడుచుకుని సందులు విచ్చుకుంటాయి, చేసిన పనంతా వృథా అవుతుంది. అందుకని గోనెలు కప్పి పూటపూటా తడపాలని వంతులు వేసుకున్నాం. వాట్సాప్‌లో బొటనవేలు పైకెత్తి చూపినవారికి, బిందె ఎత్తినవారికి ఏ పొంతనా లేదు. పడవ పందేలు చూసివచ్చి, తెడ్డు వేయడం మాకూ వచ్చని రేవంతా చెప్పుకున్న కుర్రవాళ్లు ఎండాకాలం మొత్తం కనిపించలేదు. తడిపింది డ్వాక్రా మహిళలు. చెరువు నుంచి మోసుకొచ్చి మరీ తడిపారు. వారిలో సంఘ సభ్యత్వం ఉన్నవారు తక్కువ. ఇది మనం సిగ్గుపడవలసిన విషయం. చిన్న పడవలవారు మాత్రం పాత పద్ధతిలో తమ పడవలను చెరువులో ముంచి, రాళ్లు పెట్టి నిశ్చింతగా ఉన్నారు.

మే 15న కాటన్ దొర జయంతి పని మధ్యలోనే వచ్చింది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట నిలబెట్టిన మనిషి, ఈ కాలువలను పంటకూ పడవకూ కలిపి తవ్వించారు. పడవను ఎక్కువ తక్కువ నీటిమట్టాల మధ్య దాటించే లాకులు కట్టించింది అందుకే. విగ్రహానికి దండ వేయడానికి వచ్చిన పెద్దలు ముగ్గురూ పంట గురించే మాట్లాడి వెళ్లారు. గట్టు మీద పడవ వారికి అడ్డంగానే ఉన్నా, ఎవరూ అదేమిటని అడగలేదు.

నీళ్లు వదిలే తేదీ ముందుగా చెప్పమని అర్జీ పట్టుకుని తిరిగాం. మే 13న పోలింగు ఉంది, ఎన్నికల విధుల్లో ఉన్నామన్నారు. పోలింగు అయ్యాక లెక్కింపు కానివ్వమన్నారు. చివరికి ఆ కబురు మనకు చేరవేసింది ఎగువ ఊరి లస్కరు (కాలువ కాపలాదారు), అదీ దారిన పోతూ. ఆ రాత్రి రైసుమిల్లు నుంచి తెచ్చిన జనరేటరు వెలుతురులో చివరి వరుస నార దట్టించారు. తెల్లవారి పడవను నీటిలోకి దింపితే, సహజంగానే, కారింది. చెక్క నీరు తాగి ఉబ్బేదాకా కారుతుందని మేస్త్రి గారు ముందే చెప్పారు. అయినా సంఘం డబ్బు గోదావరిలో పోశారని గట్టు మీద నలుగురు నిలబడి అన్నారు. వారం తిరిగేసరికి అడుగున దోసెడు నీళ్లు మిగిలాయి. పడవ ప్రారంభం రోజున తీసిన ఫొటోలో ఆ నలుగురూ ముందు వరుసలో ఉన్నారు. ఫొటో సంఘం గదిలో వేలాడదీశాం, చూడవచ్చు.

వరదలు

జూలైలో గోదావరి పెరిగి ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారని మనకు కొత్త కాదు. కొత్త సంగతల్లా మన పెద్ద పడవ లంక ఊళ్ల నుంచి పాలక్యాన్లను, పశువుల మేతను, ఒక బాలింతను ఇవతలికి తేవడం. పడవ నడిపే సరంగు గారు, ఆయన తమ్ముడు ఇంటికి వెళ్లకుండా పనిచేశారు. ధ్రువపత్రాలు ఇస్తామని చెప్పివెళ్లిన అధికారులు ఇంకా వస్తున్నారు.

ఇంజన్లు, లైఫ్ జాకెట్లు

దసరా తరువాత పాలిటెక్నిక్ విద్యార్థులతో డీజిల్ ఇంజన్ల శిక్షణ పెట్టాం. ఎక్కువమందికి ఉపయోగపడింది షాఫ్టు పాఠం. షాఫ్టు పడవ దాటి బయటికి వెళ్లేచోట దట్టించే తాడును మనవాళ్లు బిగించి బిగించి చుక్క నీరు రాకుండా చేసి మురిసిపోతారు. అప్పుడే షాఫ్టు కాలుతుంది. బొట్టు బొట్టుగా పడుతుంటేనే అది చల్లగా ఉంటుంది. ఇంజన్ వేడెక్కితే ముందుగా నీళ్లు పీల్చే గొట్టం చూడండి, పదింట తొమ్మిదిసార్లు అందులో గుర్రపుడెక్క వేరో పాలకవరో ఉంటుంది. అడుగున చేరిన నూనె నీటిని కాలువలో పారబోయవద్దు. దిగువన ఆ నీళ్లే చెరువులకు ఎక్కుతాయి.

2021 నాటి అంతర్గత నౌకల చట్టం ప్రకారం ఇంజన్ పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 1917 నాటి పాత చట్టం పోయింది. కాగితాల సాయానికి సంఘం గది ఆదివారాలు తెరిచి ఉంచాం. వచ్చినవారు తక్కువ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఏమి జరిగిందో చూసిన తరువాత కూడా లైఫ్ జాకెట్లను తలగడలుగా వాడుతున్నవారికి ఇంతకంటే ఏమి చెప్పాలో నాకు తెలియదు.

కాలువ దారి

లొల్ల లాకుల దగ్గర చీలి మన వైపు వచ్చే నీటిలో పడవ నడవడానికి అడ్డంకులు మూడు: గుర్రపుడెక్క, పూడిక, పొట్టి వంతెనలు. గుర్రపుడెక్క గురించి ఇచ్చిన అర్జీ ఒక విభాగం నుంచి మరొక విభాగానికి వెళ్లి, అక్కడ నుంచి పంచాయతీకి వచ్చి, పంచాయతీ నుంచి మళ్లీ మొదటి విభాగానికి చేరింది. ఆ మొక్క ఎవరి పద్దు కింద పెరుగుతోందో తేలేలోపు అది రేవు మెట్లు దాటింది. మనమే కొడవళ్లు పట్టాం. ఎక్కువగా పట్టింది ఇద్దరు అక్కాచెల్లెళ్లు, వారి పడవే ఇల్లు కనుక.

కొత్తగా కట్టే వంతెనల కింద పడవ కప్పు తీసి, మనుషులు వంగి వెళ్లవలసివస్తోంది. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించినప్పుడు మనం మిఠాయి పంచాం. మన కాలువ అందులో లేదన్న సంగతి తరువాత తెలిసింది. ఉన్న ఏలూరు కాలువ చూసివచ్చిన సభ్యులు, అక్కడా వంతెనలు తలకు తగులుతున్నాయని చెప్పి మనల్ని ఓదార్చారు.

పడవల్లో కాపురముండే కుటుంబాలకు చిరునామా లేక కార్డుల చిక్కు అలాగే ఉంది. రేవు పక్క గుడి చిరునామా రాయించుకోవడానికి ఆలయ కమిటీ ఒప్పుకుంది, కార్యాలయం ఒప్పుకోలేదు. చేపల, రొయ్యల చెరువుల నుంచి వచ్చే నీరు కలిశాక కాలువ నీరు తాగలేకపోతున్నారు. తాగునీటి క్యాన్లు సంఘం ఖర్చుతో కొంతకాలం ఇచ్చాం, తరువాత ఆగాయి. పొయ్యి కింద ఇసుక పెట్టె తప్పనిసరి చేశాం. రాత్రి గ్యాసు బండ కప్పు కింద కాకుండా బయట ఉంచాలని ఇల్లాళ్లందరికీ చెప్పాం. వారు మనకంటే ముందే ఆ పని చేస్తున్నారు.

జమాఖర్చులు

కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయింది. రాగి మేకుల ఖర్చు ఎక్కువైందన్న మాట నిజమే, రాగి ధర తెలిసినవారు అడగరు. చందా బాకీలవారి జాబితా గది తలుపుకు అంటించాం. అది ఎవరో చించారు, మళ్లీ అంటించాం.

కృతజ్ఞతలు

మేస్త్రి గారికి, ఆయన వెంట వచ్చిన మనవడికి. కూలి సగమే తీసుకున్నందుకు, మిగతా సగం అడగనందుకు. జనరేటరుతో పాటు డీజిలు కూడా ఇచ్చిన రైసుమిల్లు యజమాని గారికి. మండుటెండలో నీళ్లు మోసిన డ్వాక్రా సోదరీమణులకు. చెట్టు నీడ, కరెంటు, కొబ్బరికాయలు ఇచ్చిన ఆలయ కమిటీకి. పాలిటెక్నిక్ విద్యార్థులకు, వారిని పంపిన మాస్టారికి. తాటి మొద్దులు ఇచ్చి, తిరిగి తీసుకెళ్లడం మరిచిన రైతు గారికి. పదవీ విరమణ చేసినా లాకు తలుపు మొరాయిస్తే పిలిచిందే తడవుగా సైకిలెక్కి వచ్చే లాకు సూపరింటెండెంటు గారికి. పేరు రాయవద్దని చెప్పి టేకు పలకల డబ్బు ఇచ్చిన దాతకు. ఎవరినైనా మరిచిపోతే సమావేశం తరువాత గట్టిగా అడగండి, వచ్చే ఏడాది మొదట రాస్తాను.

వచ్చే వేసవికి

2027 గోదావరి పుష్కరాల నాటికి రెండో పడవను కూడా సిద్ధం చేయాలని కార్యవర్గం తీర్మానించింది, సభ ఆమోదం కోరుతున్నాను. కాలువ కట్టేసిన మొదటి ఆదివారం ఉదయం దాన్ని గట్టుకు లాగుతాం. ఇంటికొకరు తాడుకో గడకో చేయి వేయాలి. మధ్యాహ్నం భోజనాలు ఉంటాయి, లాగినవారికి మాత్రమే. వడ్డించేది డ్వాక్రా మహిళలు. ఎవరు లాగారో వారికి తెలుస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి